21 సెంటీమీటర్ల సంకేతము

ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయని తెలుగు ఇల్లు అరుదు. తాతముత్తాతల నాడే ఊరు విడచి షోలాపూరు, పూనా, బొంబాయి చేరి స్థిరపడిన కుటుంబములలో సైతము, ఆ దినమున ఎవరో ఒక పెద్ద పంచాంగము విప్పి, రాజెవరు, మంత్రియెవరు, ఆదాయమెంత, వ్యయమెంత అని చదువక మానడు. గ్రహములను గణించుట మన వారికి తరతరముల అలవాటు. అయితే పంచాంగము చెప్పునది కంటికి కానవచ్చు గ్రహ నక్షత్రముల మాట. కంటికిగాని, ఎంత పెద్ద అద్దముల దూరదర్శినికిగాని కానరాని వాయువొకటి నక్షత్రముల నడుమ నిండియున్నదనియు, దానిని కనిపెట్టు విద్య పుట్టి 75 సంవత్సరములైనదనియు మనలో చాలమందికి తెలియదు. ఆ విద్యకు ప్రపంచ ప్రసిద్ధమైన స్థావరమొకటి మనము నివసించు మహారాష్ట్రమునందే, పూనా–నాసిక్ బాటకు చేరువలో కలదు. ఆ చరిత్రను మాకు తెలిసినంతలో సంచిక పాఠకులకు విన్నవింప దలచితిమి.

మేము శాస్త్రజ్ఞులము కాము. రైల్వేలో సరకుల లెక్కలు వ్రాసికొను గుమాస్తాలము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. అయినను లెక్కలు వ్రాయువానికి, లెక్క ఎక్కడ సరిపోలేదో తెలిసికొనవలెనను కుతూహలము పోదు. ఈ కథయంతయు సరిపోని లెక్కల కథయే గనుక ఇంత ధైర్యము చేసితిమి.

ఉదజని పలుకు పలుకు

హైడ్రోజనుకు మన వారు పెట్టిన పేరు ఉదజని. విశ్వమందలి సామాన్య పదార్థములో బరువునుబట్టి ముప్పాతిక వంతు ఇదియే. సూర్యుడు మండుచున్నది దీనితోనే. నక్షత్రములు పుట్టునది దీనినుండియే. ఒక గెలాక్సీలో ఉదజని నిలువ ఎంత ఉన్నదో తెలిసినగాని, ఆ గెలాక్సీ ఇక ముందు ఎన్ని నక్షత్రములను కనగలదో తెలియదు. కాని నక్షత్రముల నడుమ చల్లగా పరచుకొని యున్న ఉదజనికి వెలుగు లేదు. చీకటి కొట్టులో దీపము లేకుండ బస్తాలు లెక్కింపుమన్నట్లుండెను పూర్వపు ఖగోళ శాస్త్రజ్ఞుల పరిస్థితి.

ఉదజని పరమాణువులో ఒక ప్రోటాను, ఒక ఎలక్ట్రాను మాత్రమే యుండును. రెండును బొంగరములవలె తమ చుట్టు తాము తిరుగుచున్నట్లు ఊహించుకొనవచ్చును. రెండు బొంగరములు ఒకే వైపునకు తిరుగుచున్నప్పుడు పరమాణువులో రవ్వంత శక్తి ఎక్కువగ నుండును. ఎలక్ట్రాను తిరుగుడు తలక్రిందులైనచో ఆ రవ్వంత శక్తి రేడియో తరంగముగ వెలువడును. దాని దైర్ఘ్యము సుమారు 21 సెంటీమీటర్లు; సెకనుకు 142 కోట్ల కంపనములు, అనగా 1420 మెగాహెర్ట్జులు. ఒక్కొక్క పరమాణువు తనంతట తాను ఇట్లు పలుకుటకు సగటున కోటి సంవత్సరములకు పైగా పట్టును. అయినను ఆకాశమున నున్న పరమాణువుల సంఖ్యకు అంతులేదు గనుక, ప్రతి క్షణము ఎక్కడెక్కడివో కొన్ని పలుకుచునే యుండును. ఆ పలుకుల మొత్తమే మనకు వినవచ్చు సంకేతము.

యుద్ధకాలపు ఊహ

ఆకాశమునుండి రేడియో తరంగములు వచ్చుచున్నవని మొదట కనిపెట్టినవాడు కార్ల్ జాన్‌స్కీ అను అమెరికను ఇంజనీరు. టెలిఫోను కంపెనీవారి బెల్ ప్రయోగశాలలో పనిచేయుచు, దూరపు సంభాషణలకు అడ్డువచ్చు గరగర శబ్దమునకు కారణము వెదకుచుండగా, ఆ శబ్దములో కొంత భాగము పాలపుంతనుండి వచ్చుచున్నదని 1933లో ఆయన ప్రకటించెను. అటుపై 1937లో గ్రోట్ రీబర్ అను మరియొక ఇంజనీరు తన పెరటిలోనే 9 మీటర్లకు పైబడిన వ్యాసము గల లోహపు పళ్ళెమును నిర్మించి ఆకాశమునకు పటము గీచెను.

రీబర్ వ్రాసిన వ్యాసము హాలండు దేశమున లైడెన్ నగరమునందలి యాన్ ఓర్ట్ అను ఖగోళ శాస్త్రజ్ఞుని కంట బడెను. అప్పుడు ఆ దేశము జర్మను సైన్యము క్రింద నుండెను. విశ్వవిద్యాలయము మూతపడెను. అటువంటి దినములలో ఓర్ట్ ఒక ప్రశ్న వేసికొనెను. రేడియోలో ఒక నిశ్చితమైన స్థానమున మాత్రమే పలుకు పదార్థము ఆకాశమున ఏదైనను కలదా? ఆ లెక్క చూడుమని హెండ్రిక్ వాన్ డె హుల్స్ట్ అను 25 ఏండ్ల విద్యార్థికి అప్పగించెను. 1944 ఏప్రిల్ 15న జరిగిన ఒక చిన్న సభలో ఆ యువకుడు, ఉదజని 21 సెంటీమీటర్ల వద్ద పలుకవలెనని చెప్పెను. బయట యుద్ధము, లోపల కాగితము, కలము. ఇంతటి కాలములోను ఈ ప్రశ్న వేసినవారు, దానికి జవాబు వెదకినవారు ఉండిరని తలచుకొన్నప్పుడు మాకు ఆశ్చర్యము కలుగును.

నిశ్చితమైన స్థానము కొరకు ఓర్ట్ అంత పట్టుపట్టుటకు కారణము రైల్వేవారికి సులభముగ బోధపడును. ఎదురుగ వచ్చు ఇంజను కూత సన్నగను, దాటిపోయిన ఇంజను కూత బొంగురుగను వినబడుట మన మందరము ఎరిగినదే. దీనిని పరీక్షించుటకు 1845లో హాలండులోనే బాయ్స్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు ఉట్రెక్టు దగ్గర రైలుబండిపై బాకా ఊదువారిని ఎక్కించి, పట్టాల ప్రక్కన స్వరజ్ఞానము గలవారిని నిలబెట్టి చూచెను. రేడియో తరంగములకు కూడ ఇదే న్యాయము. ఉదజని మనవైపు వచ్చుచున్నచో సంకేతము 1420కి కొంచెము పైన, దూరముగ పోవుచున్నచో కొంచెము క్రింద దొరకును. అనగా, సంకేతము బలమునుబట్టి నిలువ ఎంతో, దాని స్థానమునుబట్టి వేగమెంతో, రెండును ఒక్కసారే తెలియును.

మూడు దేశముల విజయము

ఆ ఊహ నిజమగుటకు ఏడేండ్లు పట్టెను. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున హెరాల్డ్ యూవెన్ అను విద్యార్థి, తన గురువు ఎడ్వర్డ్ పర్సెల్ సలహాతో, చెక్కపలకలకు రాగిరేకు అతికించి బాకా ఆకారమున ఒక యాంటెన్నాను చేసి ప్రయోగశాల కిటికీనుండి బయటకు పెట్టెను. దానికి దొరికిన విరాళము 500 డాలర్లు. వాన వచ్చినప్పుడు ఆ బాకాగుండా నీరు గదిలోనికి ప్రవహించెడిదట! 1951 మార్చి 25న ఆ బాకాలోనే ఉదజని పలుకు మొదటిసారి వినబడెను.

హాలండులో ఓర్ట్, ముల్లర్ అను ఇంజనీరు కలిసి, జర్మనులు విడచిపోయిన 7.5 మీటర్ల రాడారు పళ్ళెమును చేతితో త్రిప్పుచు అదే వేటలో నుండిరి. 1950లో వారి పరికరములు అగ్నిప్రమాదమున కాలిపోగా మరల మొదలు పెట్టవలసివచ్చెను. యూవెన్ వార్త తెలిసిన కొద్ది వారములకే, మే 11న, వారికిని సంకేతము దొరకెను. ఆస్ట్రేలియాలో క్రిస్టియన్‌సన్, హిండ్‌మన్ అనువారు కొలది కాలములోనే ధ్రువపరచిరి. పర్సెల్ తమ ఫలితమును వెంటనే ప్రకటించి కీర్తి అంతయు తామే పొందవచ్చును. అట్లు చేయక డచ్చివారి ఫలితము వచ్చువరకు ఆగెను. 1951 సెప్టెంబరు 1న ‘నేచర్’ పత్రికలో రెండు వ్యాసములును, ఆస్ట్రేలియావారి తంతి వార్తయు కలిసి వెలువడెను. ఈ మర్యాద విజ్ఞాన చరిత్రలో గుర్తుంచుకొన దగినది.

పొరుగు గెలాక్సీలు

మన పాలపుంతలోని ఉదజనిని కొలుచుట ఒక యెత్తు. పొరుగు గెలాక్సీలను కొలుచుట మరియొక యెత్తు. 1953లో ఆస్ట్రేలియాలో ఫ్రాంక్ కెర్, హిండ్‌మన్ అనువారు దక్షిణాకాశమున కనిపించు మాగెల్లాను మేఘములలో ఉదజనిని కనుగొనిరి. ఇవి మన గెలాక్సీకి ఉపగ్రహముల వంటి చిన్న గెలాక్సీలు. 1956లో హాలండులోని డ్వింగెలో గ్రామమున 25 మీటర్ల పళ్ళెము లేచెను. మరుసటి ఏడు వాన్ డె హుల్స్ట్, ఆయన సహచరులు దానిని 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్న ఆండ్రొమెడా గెలాక్సీ వైపు త్రిప్పి, అందలి ఉదజని వేగములను కొలిచిరి.

ఇక్కడ లెక్క తప్పుట మొదలయ్యెను. సూర్యునికి దగ్గరి బుధుడు సెకనుకు 48 కిలోమీటర్ల వేగమున తిరుగును. మిక్కిలి దూరపు నెప్ట్యూను 5 కిలోమీటర్ల పైచిలుకు వేగమున మాత్రమే తిరుగును. బరువంతయు నడుమ నున్నప్పుడు అంచుననున్నవి నెమ్మదిగ తిరుగవలెను. గెలాక్సీలో వెలుగంతయు నడుమనే చిక్కగ నుండును గనుక అంచులలోని వాయువు కూడ నెమ్మదింపవలెను. నక్షత్రముల వెలుగు ఆగిపోయిన తరువాత కూడ ఉదజని ఎంతో దూరము వ్యాపించియుండుటచే ఈ పరీక్షకు అది చక్కగ పనికివచ్చెను. వాయువు నెమ్మదింపలేదు! ఎంత దూరము పోయినను సెకనుకు 200 కిలోమీటర్లకు పైబడిన అదే వేగము.

1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనువారు ఆండ్రొమెడా వెలుగును పరిశీలించి ఈ వింతను చూపిరి. రేడియో సాక్ష్యము హాలండులోని వెస్టర్‌బోర్క్ నుండి మరింత బలముగ వచ్చెను. అచ్చట 1970లో 12 పళ్ళెములు, ఒక్కొక్కటి 25 మీటర్లవి, ఒకే వరుసలో నిలిపిరి; వానిలో కొన్ని పట్టాలపై జరుగును. ఆ స్థలమునకు ఇంకొక చరిత్ర కూడ కలదు. యుద్ధకాలమున లక్షకు పైగా యూదులను అక్కడి శిబిరమునుండి రైళ్ళ కెక్కించి మరణ శిబిరములకు పంపిరి. అదే నేలపై నేడు ఆకాశమును వినుచున్నారు. పట్టాలు దేనికి వేసితిమను ప్రశ్న రైల్వేవారిని ఎప్పుడును విడువదు.

1978లో ఆల్బర్ట్ బోస్మా అను పరిశోధకుడు తన సిద్ధాంత గ్రంథమున 25 గెలాక్సీల భ్రమణ వేగములను పరిశీలించి, దాదాపు అన్నింటిలోను వేగము తగ్గుట లేదని చూపెను. కనబడు నక్షత్రముల బరువు, ఉదజని బరువు రెండును కూడినను ఆ వేగమునకు చాలదు. కంటికిని, రేడియోకును కూడ అందని కృష్ణ పదార్థమేదో అన్ని గెలాక్సీలను చుట్టియున్నదను అభిప్రాయము దీనివలన స్థిరపడెను. ఆ పదార్థము యొక్క స్వభావము నేటికిని తేలలేదు.

ఊరూరి జనాభా లెక్క

ఒక్కొక్క గెలాక్సీని కొలుచుట అయిన పిమ్మట, జనాభా లెక్కలవలె ఆకాశమంతయు వడపోయు పని మొదలయ్యెను. ఇందు రెండు పద్ధతులు కలవు. మొదటిది, పెద్ద పళ్ళెముతో విశాలమైన ఆకాశమును త్వరగ తుడుచుకొని పోవుట. ఆస్ట్రేలియాలోని పార్క్స్ వద్ద 64 మీటర్ల పళ్ళెమునకు 13 గ్రాహకములు అమర్చి 1997 నుండి దక్షిణాకాశమును వెదకగా, 2004లో ప్రకటించిన పట్టికలో 4,315 గెలాక్సీలు చేరెను. పోర్టోరికోలోని అరెసిబో వద్ద 305 మీటర్ల మహా పళ్ళెముతో జొవనెల్లి, మార్తా హేన్స్ నాయకత్వమున 2005 నుండి జరిగిన లెక్కలో 31,500 మూలములు తేలెను. ఆ అరెసిబో 2020 డిసెంబరు 1న కూలిపోయినది.

రెండవ పద్ధతి, కొద్ది గెలాక్సీలనే ఎన్నుకొని మిక్కిలి సూక్ష్మముగ పటము గీయుట. దీనికి ఒక పళ్ళెము చాలదు. దూరదూరముగ నున్న అనేక పళ్ళెముల సంకేతములను కలిపి, ఒకే మహా పళ్ళెమువలె పని చేయింపవలెను. అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో 27 పళ్ళెములు మూడు బారులుగ నున్నవి. ఒక్కొక్క బారు 21 కిలోమీటర్లు. ఒక్కొక్క పళ్ళెము 200 టన్నులకు పైబడినది. వీనిని జంట రైలు పట్టాలపై ప్రత్యేకమైన బండితో ఎత్తి స్థానము మార్చుచుందురు. దగ్గరగ పెట్టినచో పలుచని వాయువు దొరకును. దూరముగ పెట్టినచో సన్నని వివరము తెలియును. ఆ యంత్రముతో ఫేబియన్ వాల్టర్ బృందమువారు 65 లక్షలు మొదలు 5 కోట్ల కాంతి సంవత్సరముల దూరములోని 34 గెలాక్సీలను కొలిచి 2008లో పటములు వెలువరించిరి. వాయువులోని రంధ్రములు, తీగలు, చుట్టలు మొదటిసారి అంత స్పష్టముగ కనబడెను.

ఈ పటములు నేర్పిన పాఠమొకటి ముఖ్యముగ చెప్పవలెను. సుమారు 1 కోటి 20 లక్షల కాంతి సంవత్సరముల దూరమున ఎం 81, ఎం 82, ఎన్.జి.సి. 3077 అను మూడు గెలాక్సీలు కలవు. మామూలు ఫొటోలో మూడును దేనికది వేరుగ, సంబంధము లేని పొరుగువారివలె కనిపించును. 1994లో ప్రకటించిన ఉదజని పటమున చూడగా మూడింటిని కలుపుచు పొడవైన వాయు వంతెనలున్నవి. పూర్వమెప్పుడో ఒకదాని ప్రక్కనుండి ఒకటి పోయినప్పుడు లాగబడిన వాయువది. వెలుగును మాత్రమే చూచువారికి బంధుత్వము తెలియదు.

మన దేశపు పాత్ర

ఈ చరిత్రలో భారతదేశము ప్రేక్షకుడుగా నిలిచిపోలేదు. గోవింద్ స్వరూప్ 1953లో సిడ్నీ నగరమునకు పోయి అచ్చటి రేడియో శాస్త్రజ్ఞుల వద్ద పని నేర్చెను. వారు వాడి విడచిన 32 చిన్న పళ్ళెములను మన దేశమునకు తెప్పించి, టాటా పరిశోధన సంస్థలో హోమీ భాభా ప్రోత్సాహముతో, 1965లో బొంబాయి దగ్గరి కల్యాణ్‌లో నిలిపి సూర్యుని పరిశీలించెను. కల్యాణ్ జంక్షనులో బండి మారని తెలుగువాడు మన ప్రాంతమున అరుదు. ఆ ఊరికి ఈ గౌరవము కూడ నున్నదని ఎందరు ఎరుగుదురు? 1970లో ఉదకమండలము కొండవాలున 530 మీటర్ల పొడవైన దూరదర్శిని లేచెను. ఆ వాలు సరిగా ఆ ఊరి అక్షాంశమునకు సమానముగ నుండుటచే యంత్రపు ఇరుసు భూమి ఇరుసునకు సమాంతరమయ్యెను. ఇది మన వారి స్వంత ఉపాయము.

తరువాత పూనాకు ఉత్తరముగ సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నారాయణగావ్ దగ్గరి ఖోడద్ గ్రామమున, 45 మీటర్ల పళ్ళెములు 30 నిర్మించిరి. పళ్ళెము రేకుతో చేయక, బిగించిన ఉక్కు త్రాళ్ళపై సన్నని తీగల వలను పరచిరి. అందువలన గాలి తోపు తగ్గెను, ఖర్చును తగ్గెను. 14 పళ్ళెములు నడుమను, 16 పళ్ళెములు మూడు బారులుగను, 25 కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. 2001లో ఇది జాతికి అంకితమయ్యెను. స్వరూప్ 2020 సెప్టెంబరులో కీర్తిశేషులైరి.

ఖోడద్ యంత్రముతో ఆయేషా బేగం, జయరాం చెంగలూర్ మొదలగువారు మిక్కిలి చిన్నవియు, మసకవియునగు అరువదికి పైగా గెలాక్సీలను ఎన్నుకొని ఉదజని పటములు గీచిరి. అందు ఎన్.జి.సి. 3741 అనునది ఒకటి. దాని వెలుగు చిన్నది. కాని దాని చుట్టునున్న ఉదజని, కనబడు భాగమునకు 8 రెట్లకు పైగా దూరము వ్యాపించియున్నదని 2005లో తేలెను.

ఆదాయ వ్యయములు

ఇంత శ్రమ దేనికని పాఠకులడుగవచ్చును. నక్షత్రములు పుట్టుట ఖర్చు, ఉదజని నిలువ. చల్లని ఉదజని ముందు పరమాణువులు జతలుగ కూడి అణువులై, పిమ్మట కూలి నక్షత్రములగును. పొరుగు గెలాక్సీల కొలతలు పరికింపగా, అందలి అణు రూపపు వాయువు నేటి ఖర్చు ప్రకారము సుమారు 200 కోట్ల సంవత్సరములలో అయిపోవలెను. గెలాక్సీల వయస్సు 1,000 కోట్ల సంవత్సరములకు పైమాట. అనగా బయటనుండి క్రొత్త రాబడి లేనిదే ఈ సంసారము ఇంతకాలము నడచియుండదు.

ఈ లెక్కకు పూర్వకాలపు పుట ఖోడద్ నుండియే వచ్చెను. ఆదిత్య చౌధురి, నిస్సీం కానేకర్, చెంగలూర్ మొదలగువారు 7,653 గెలాక్సీల సంకేతములను ఒకదానిపై ఒకటి కూడి, సుమారు 800 కోట్ల సంవత్సరముల పూర్వపు ఉదజని సగటు నిలువను 2020 అక్టోబరులో ప్రకటించిరి. ఒక్కొక్కటిగ వినరాని పలుకులు కలిపినప్పుడు వినబడెను. నిలువ ఆనాడు పెద్దదే. కాని ఖర్చు అంతకన్న పెద్దది. క్రొత్త రాబడి లేనిచో 100 నుండి 200 కోట్ల సంవత్సరములకే సరిపోవును. అప్పటినుండి విశ్వమున నక్షత్ర జననము తగ్గుచు వచ్చుటకు రాబడి చాలకపోవుటయే కారణమై యుండునని వారి అభిప్రాయము.

రైలా, దూరదర్శినియా?

ఇట్టి సూక్ష్మమైన సంకేతమునకు పెద్ద శత్రువు మన సందడి. 1400 నుండి 1427 మెగాహెర్ట్జుల వరకు ఎవ్వరును ప్రసారము చేయరాదని అంతర్జాతీయ నిబంధన కలదు. అయితే దూరపు గెలాక్సీలు వేగముగ తొలగిపోవుచుండుటచే వాని సంకేతము 700 మెగాహెర్ట్జుల వరకు దిగి, మొబైలు ఫోనులు పలుకు తావునకే చేరును. అచ్చట రక్షణ లేదు. ఊరికి దూరముగ నుండుటయే రక్షణ.

పూనా నుండి నాసిక్‌కు నేరుగ రైలు కావలెనని ప్రజలు చాలకాలముగ కోరుచున్నారు. తలచిన దారి నారాయణగావ్ ప్రాంతము గుండా పోవును. విద్యుత్తుతో నడచు బండ్లనుండి పుట్టు రేడియో అలజడి దూరదర్శినికి హాని చేయునని అభ్యంతరము వచ్చెను. 2025లో రైల్వేశాఖ ఆ దారి కుదరదనియు, వేరు దారి చూచుచున్నామనియు తెలిపెను. ఆ దారి కొరకు కాచుకొనియున్న గ్రామములవారికి ఇది కష్టముగ తోచెను. ఆ కష్టము నిజమైనది. ఉల్లి, టమాటా పండించు రైతుకు రైలు లేకుండుట చిన్న నష్టము కాదు. మేము రైల్వే అన్నము తినువారము. ఎక్కడ పట్టాలు పడినను మాకు సంతోషమే. అయినను మా మనస్సులోని మాట దాచము. రైలు మార్గమునకు కొండ చుట్టి పోవు దారి ఒకటి దొరకును. కాగితముపై కొత్త కొలతలు వేసి, కొంత డబ్బు, కొంత కాలము ఎక్కువ వెచ్చించినచో పని జరుగును. ఉదజని సంకేతమునకు మాత్రము వేరు దారి లేదు. దారి మార్చిన పిమ్మట ఆ గ్రామములవారిని మరువకుండ, వారికి రావలసిన సౌకర్యము వేరు విధముగ కల్పించుట ప్రభుత్వము ధర్మము.

నేడు దక్షిణాఫ్రికాలో 64 పళ్ళెములు, ఆస్ట్రేలియాలో 36 పళ్ళెములు, చైనాలో 500 మీటర్ల మహా పళ్ళెము ఈ పనిలో నున్నవి. వీనికన్న పెద్దదియగు అంతర్జాతీయ యంత్రము ఆ రెండు దేశములలో కట్టబడుచున్నది. అందు మన దేశమునకును భాగము కలదు. ప్రతి ఫిబ్రవరి 28న, విజ్ఞాన దినోత్సవమునాడు, ఖోడద్‌లో ప్రజలను లోనికి రానిత్తురు. మన సంఘమువారు పిల్లలతో ఒకసారి పోయి చూడవలెనని మా మనవి. అచ్చటికి పోవునప్పుడు చేతిలోని ఫోనులను ఆపివేయుడు.